సైన్ వేవ్‌తో ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ కొలవడం ఎలా? (ఫేజ్ దగ్గర పొరపాటు పడకుండా)

“గెయిన్ బాగానే వచ్చింది, ఫేజ్ దగ్గరే ఎక్కడో తేడా కొడుతోంది.” కొత్తగా ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ (ఒక్కో ఫ్రీక్వెన్సీకి సిస్టమ్ ఎలా స్పందిస్తుందో) కొలిచినవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు, మొదటినుంచి చివరిదాకా ఎలా కొలవాలో ఒకేచోట రాసేస్తున్నాను.

గెయిన్‌లో తప్పు దొర్లితే కంటికి కనిపిస్తుంది. అవుట్‌పుట్ రెట్టింపు వచ్చిందంటే ఎవరైనా అనుమానిస్తారు. ఫేజ్‌లో 20 డిగ్రీలు అటూ ఇటూ అయితే మాత్రం ఎవరికీ అనుమానం రాదు, గ్రాఫ్ కూడా నున్నగానే వస్తుంది. కానీ లూప్ (అవుట్‌పుట్‌ను వెనక్కి తెచ్చి పోల్చుకునే ఫీడ్‌బ్యాక్ చుట్టు) నిలబడుతుందా, ఊగిపోతుందా అన్నది తేలేది ఆ 20 డిగ్రీల్లోనే. అందుకే కింద గెయిన్ సంగతి నాలుగు మాటల్లో తేల్చేసి, ఫేజ్ దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

సిద్ధాంతం ఇంతే: సిస్టమ్ లీనియర్‌గా, స్థిరంగా ఉంటే, సైన్ వేవ్ ఇచ్చినప్పుడు మొదట్లో వచ్చే కుదుపు తగ్గాక అదే ఫ్రీక్వెన్సీ సైన్ వేవ్ బయటికొస్తుంది. మారేవి రెండే: ఎత్తు, జరుగుబాటు. ఎత్తుల నిష్పత్తి గెయిన్, జరిగిన కోణం ఫేజ్. ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఈ రెండు అంకెలూ రాసుకుంటూ పోవడమే మొత్తం పని.

కావలసినవి

- సైన్ వేవ్ ఇచ్చే ఫంక్షన్ జనరేటర్. డీసీ ఆఫ్‌సెట్ కలిపే సదుపాయం ఉండాలి.
- రెండు ఛానెళ్ల డిజిటల్ ఆసిలోస్కోప్, ఒకే రకం ప్రోబులు రెండు.
- ఒక 10 కిలో ఓమ్ రెసిస్టర్, ఒక 0.1 మైక్రోఫారాడ్ కెపాసిటర్ (పైన 104 అని ఉంటుంది). ఇవి మీ సిస్టమ్ కోసం కాదు, మీ చేతిని సరిచూసుకోవడానికి.
- మల్టీమీటర్, సెమీలాగ్ కాగితం లేదా స్ప్రెడ్‌షీట్.
- మోటార్‌తో పనైతే, చేతికి అందేచోట కరెంటు ఆపే స్విచ్.

ఆసిలోస్కోప్ లేకపోతే మైక్రోకంట్రోలర్‌తోనూ పని జరుగుతుంది. ఆ పద్ధతి చివర్లో ఉంది.

హెచ్చరిక: మామూలు ఆసిలోస్కోప్‌లో రెండు ఛానెళ్ల గ్రౌండ్ క్లిప్పులూ లోపల ఒకటే, అదీ ఎర్త్‌కి కలిసి ఉంటుంది. రెండు క్లిప్పులను సర్క్యూట్‌లో రెండు వేర్వేరు చోట్ల పెట్టారంటే ఆ రెండు చోట్లనూ మీరే షార్ట్ చేసినట్టు. మెయిన్స్ నుంచి నేరుగా నడిచే డ్రైవ్ మీద మామూలు ప్రోబు అసలు పెట్టకండి. దానికి డిఫరెన్షియల్ ప్రోబు కావాలి.

1. రెండు ప్రోబులనూ ఒకే చోట పెట్టండి

దాదాపు అందరూ దాటేసే మెట్టు ఇదే. జనరేటర్ అవుట్‌పుట్‌కే రెండు ప్రోబులూ తగిలించి, మీరు కొలవబోయే అతి తక్కువ, అతి ఎక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర చూడండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడాలి. గెయిన్ 0 డెసిబెల్, ఫేజ్ 0 డిగ్రీలు. అలా రాలేదంటే తప్పు మీ సిస్టమ్‌ది కాదు, కొలతది.

ఇక్కడ బయటపడేవి: ఒక ప్రోబు 10 రెట్ల స్విచ్ మీద, ఇంకోటి 1 మీద ఉండటం. ప్రోబు 10 మీద ఉంటే ఛానెల్ మెనూ 1 మీద ఉండటం. ఒక ఛానెల్ ఏసీ కప్లింగ్‌లో, ఇంకోటి డీసీ కప్లింగ్‌లో ఉండటం.

ఈ చివరిది నన్ను ఒక సాయంత్రమంతా ఏడిపించింది. చిన్న డీసీ మోటార్ వేగం కొలుస్తున్నాను. 1 హెర్ట్జ్ దగ్గర అవుట్‌పుట్ ఇన్‌పుట్ కంటే *ముందు* నడుస్తోంది. మోటార్ ముందే ఊహించి తిరుగుతోందా ఏంటి? టాకోజనరేటర్ (వేగాన్ని వోల్టేజీగా చూపేది) మార్చాను, వైర్లు మార్చాను, ఆఖరికి లెక్కనే అనుమానించాను. చూస్తే రెండో ఛానెల్ ఏసీ కప్లింగ్‌లో ఉంది. ఏసీ కప్లింగ్ అంటే వరుసలో ఒక కెపాసిటర్, అంటే తక్కువ ఫ్రీక్వెన్సీలను అడ్డుకునే హైపాస్ ఫిల్టర్. దాని మూల ఫ్రీక్వెన్సీ (కార్నర్ ఫ్రీక్వెన్సీ, గెయిన్ 3 డెసిబెల్‌లు పడిపోయే చోటు) 5 హెర్ట్జ్ అనుకుంటే, 1 హెర్ట్జ్ దగ్గర అది ఒక్కటే 79 డిగ్రీలు ముందుకు తోస్తుంది, ఎత్తును ఐదో వంతుకు తగ్గిస్తుంది. కంట్రోల్ సిస్టమ్‌ల పనంతా ఎక్కువగా ఆ తక్కువ ఫ్రీక్వెన్సీల్లోనే. కాబట్టి రెండు ఛానెళ్లూ డీసీ కప్లింగ్‌లోనే. బయాస్ (కలిపిన డీసీ ఆఫ్‌సెట్) వల్ల గీత తెర దాటిపోతుంటే పొజిషన్ నాబ్‌తో దించుకోండి, ఏసీ నొక్కకండి.

2. ఆర్‌సీ సర్క్యూట్ మీద చెయ్యి తిప్పుకోండి

జనరేటర్ నుంచి 10 కిలో ఓమ్‌లు, దాని తర్వాత 0.1 మైక్రోఫారాడ్ గ్రౌండ్‌కి. ఛానెల్ 1 రెసిస్టర్‌కి ముందు, ఛానెల్ 2 కెపాసిటర్ మీద. టైమ్ కాన్‌స్టెంట్ (సిస్టమ్ ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పే కాలం, ఇక్కడ రెసిస్టర్ × కెపాసిటర్) 1 మిల్లీసెకను, మూల ఫ్రీక్వెన్సీ 159 హెర్ట్జ్. ఇన్‌పుట్ 2 వోల్టుల పీక్ టు పీక్ ఇస్తే రావలసినవి ఇవి:

| ఫ్రీక్వెన్సీ (హెర్ట్జ్) | అవుట్‌పుట్ (వోల్టులు) | గెయిన్ (డెసిబెల్) | జరుగుబాటు (మిల్లీసెకన్లు) | ఫేజ్ (డిగ్రీలు) |
|---|---|---|---|---|
| 16 | 1.99 | −0.04 | 1.00 | −5.7 |
| 80 | 1.79 | −1.0 | 0.93 | −26.7 |
| 159 | 1.41 | −3.0 | 0.79 | −45 |
| 318 | 0.89 | −7.0 | 0.55 | −63.4 |
| 1592 | 0.20 | −20.0 | 0.15 | −84.3 |

నాలుగో నిలువు వరుసను ఒకసారి పైనుంచి కిందికి చూడండి. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ మిల్లీసెకన్లు *తగ్గుతున్నాయి*, డిగ్రీలు మాత్రం *పెరుగుతున్నాయి*. “ఫేజ్ వెనకబడుతోందన్నారు, తెర మీద చూస్తే గీతలు దగ్గరపడుతున్నాయేంటి?” అని అడిగేవాళ్లకు జవాబు ఇదే. సైకిల్ కూడా కురచవుతోంది, ఆ కురచ సైకిల్‌లో అదెంత వంతో చూడాలి.

మీ అంకెలు అచ్చం ఇలాగే రావు. రెసిస్టర్ 5 శాతం, కెపాసిటర్ 10 శాతం అటూ ఇటూ ఉండొచ్చు, మూల ఫ్రీక్వెన్సీ ఆ మేరకు జరుగుతుంది. మల్టీమీటర్‌తో రెండింటినీ కొలిచి మీ సొంత మూల ఫ్రీక్వెన్సీ లెక్కేసుకోండి. కానీ ఒకటి మాత్రం ఏ విడిభాగాలతోనైనా మారదు: గెయిన్ −3 డెసిబెల్ వచ్చిన ఫ్రీక్వెన్సీ దగ్గరే ఫేజ్ −45 రావాలి. ఈ రెండూ వేర్వేరు చోట్ల వస్తుంటే అసలు సిస్టమ్ జోలికి ఇంకా వెళ్లకండి.

3. ఎంత ఎత్తు సైన్ వేవ్ ఇవ్వాలో తేల్చుకోండి

మరీ చిన్నదైతే నాయిస్‌లో మునిగిపోతుంది, మోటార్ అయితే ఘర్షణ దాటి కదలదు. మరీ పెద్దదైతే యాంప్లిఫయర్ పైకప్పు తగులుతుంది. మధ్యలో ఎక్కడుండాలో అవుట్‌పుట్ ఆకారమే చెబుతుంది:

- తలలు నరికినట్టు చదునుగా ఉంటే సాచురేషన్. ఇన్‌పుట్ తగ్గించండి.
- సైన్ వేవ్ కాస్తా త్రిభుజంలా సాగిపోతుంటే వేగానికి హద్దు తగిలింది (ఆప్‌యాంప్‌లో స్లూ రేట్ అంటాం). ఇదీ తగ్గించాల్సిందే.
- సున్నా దగ్గర కాసేపు ఆగి మళ్లీ కదులుతుంటే డెడ్ జోన్ (చిన్న ఇన్‌పుట్‌కి అసలు కదలని మేర), లేదా స్టిక్షన్ (ఆగినదాన్ని కదలనివ్వని ఘర్షణ). ఇక్కడ ఇన్‌పుట్ తగ్గిస్తే ఇంకా చెడుతుంది. డీసీ బయాస్ కలపండి.

మోటార్ వేగానికి బయాస్ దాదాపు తప్పనిసరి. ఉదాహరణకు 5 వోల్టుల బయాస్ మీద 1 వోల్టు సైన్ వేవ్ ఇస్తే మోటార్ ఎప్పుడూ ఒకే దిక్కున తిరుగుతూ, వేగం మాత్రమే పైకీ కిందికీ ఊగుతుంది. సున్నా దాటాల్సిన పనే లేదు.

ఆకారం బాగుందనిపించినా ఒక పరీక్ష పెట్టండి. ఇన్‌పుట్‌ను సగం చేయండి. అవుట్‌పుట్ కూడా సరిగ్గా సగమై, ఫేజ్ కదలకుండా ఉండాలి. అలా లేకపోతే మీరు కొలుస్తున్నది ఆ ఒక్క ఎత్తుకే చెల్లే అంకె. ఈ పరీక్ష ఒక్కచోట చేసి వదిలేయకండి. తక్కువ ఫ్రీక్వెన్సీలో ఒకసారి, గెయిన్ ఎక్కువున్నచోట ఒకసారి, చివర్లో ఒకసారి చేయండి.

ఇంకో చిక్కు: జనరేటర్ తెర మీద 1 వోల్టు అని ఉంటే నిజంగా 2 వోల్టులు వస్తుండొచ్చు. 50 ఓమ్‌ల లోడ్ ఉందనుకుని అది లెక్క చూపిస్తుంది, మీది కిలో ఓమ్‌ల లోడ్. మెనూలో లోడ్‌ను హై జెడ్‌కి మార్చండి. అంతకంటే మేలైన అలవాటు, జనరేటర్ ఏం చెప్పినా పట్టించుకోకుండా ఇన్‌పుట్‌ను ప్రతిసారీ ఛానెల్ 1 మీదే కొలవడం.

4. ఫ్రీక్వెన్సీల జాబితా ముందే రాసుకోండి

సమాన దూరాల్లో వద్దు (10, 20, 30, 40 అంటూ పోతే చివర్లో పాయింట్లు కిక్కిరిసి, మొదట్లో ఖాళీ ఉంటుంది). దశాబ్దానికి (డెకేడ్, అంటే ఫ్రీక్వెన్సీ పది రెట్లయ్యే మేరకు) 1, 2, 5, 10 చాలు. మూల ఫ్రీక్వెన్సీ దగ్గర, రెజొనెన్స్ (సిస్టమ్ అన్నిటికంటే గట్టిగా ఊగే ఫ్రీక్వెన్సీ) దగ్గర మాత్రం దగ్గరదగ్గరగా తీయండి. అనుమానించిన మూలకు పదో వంతు నుంచి పది రెట్ల దాకా వెళ్లండి, ఎందుకంటే ఫేజ్ మార్పు మొత్తం దాదాపు ఆ మేర పరుచుకుని ఉంటుంది.

పైన చెప్పిన మోటార్ టైమ్ కాన్‌స్టెంట్ 0.1 సెకను అయితే మూల 1.6 హెర్ట్జ్. నేనైతే 0.1 నుంచి 20 దాకా పోతాను. 0.1 హెర్ట్జ్ దగ్గర ఒక్క సైకిల్‌కే 10 సెకన్లు, కాబట్టి ఓపిక కావాలి.

రెజొనెన్స్ ఉందని తెలిస్తే అక్కడికి చేరేముందే ఇన్‌పుట్ తగ్గించుకోండి. డాంపింగ్ నిష్పత్తి (ఊగుడు ఎంత త్వరగా ఆరిపోతుందో చెప్పే అంకె) 0.2 ఉన్న రెండో ఆర్డర్ సిస్టమ్‌లో శిఖరం దగ్గర ఎత్తు రెండున్నర రెట్లు అవుతుంది (8 డెసిబెల్‌లు). 0.05 అయితే పది రెట్లు. యాంత్రిక సిస్టమ్ అయితే ఏదో ఒకటి ఊడి కిందపడుతుంది. స్విచ్ చేతికి అందేచోట ఉండాలన్నది అందుకే.

5. ఆగండి

ఫ్రీక్వెన్సీ మార్చిన వెంటనే చదవకండి. ఐదు టైమ్ కాన్‌స్టెంట్లు ఆగితే మొదటి కుదుపు 1 శాతం లోపుకి దిగుతుంది. ఫస్ట్ ఆర్డర్ సిస్టమ్‌కి ఇది సరిపోతుంది.

“ఐదు సైకిళ్లు ఆగితే చాలు” అని కొందరు చెబుతారు. డాంపింగ్ తక్కువున్నచోట అది చాలదు. 5 హెర్ట్జ్ సహజ ఫ్రీక్వెన్సీ, 0.05 డాంపింగ్ ఉన్న సిస్టమ్ కుదుటపడటానికి (కుదుపు 2 శాతం లోపుకి దిగడానికే) రెండున్నర సెకన్లు పడుతుంది, అంటే రెజొనెన్స్ దగ్గర 13 సైకిళ్లు. తేల్చుకునే తీరు తేలిక: చదివి రాసుకోండి, కాస్త ఆగి మళ్లీ చదవండి. రెండూ కలిస్తేనే ముందుకు.

6. ఎత్తు కొలవండి

రెండు ఛానెళ్లలోనూ పీక్ టు పీక్. లేదా రెండింటిలోనూ ఆర్‌ఎంఎస్. ఒకదాంట్లో ఒకటి, ఇంకోదాంట్లో ఇంకోటి తీసుకుంటే అడ్డంగా తప్పుతారు. బయాస్ ఉంటే పీక్ టు పీక్ మేలు, మామూలు ఆర్‌ఎంఎస్‌లో బయాస్ కూడా కలిసిపోతుంది. నాయిస్ ఉంటే ఆవరేజ్ మోడ్‌లో 16 లేదా 64 పెట్టుకోండి. ట్రిగ్గర్ మాత్రం ఎప్పుడూ ఛానెల్ 1 మీదే.

గెయిన్ = 20 × లాగ్ (అవుట్‌పుట్ ÷ ఇన్‌పుట్), లాగ్ పది ఆధారంతో. 10 × లాగ్ పవర్ నిష్పత్తికి, ఇక్కడ కాదు. మూల దగ్గర −1.5 వచ్చిందంటే ఈ తప్పే చేశారన్నమాట.

7. జరుగుబాటు కొలవండి (అసలు కథ ఇక్కడే)

ఫేజ్ = −360 × ఫ్రీక్వెన్సీ × జరుగుబాటు (సెకన్లలో). అవుట్‌పుట్ వెనకబడితే మైనస్. మోటార్ 2 హెర్ట్జ్ దగ్గర 71 మిల్లీసెకన్లు వెనకబడిందంటే 360 × 2 × 0.071, అంటే −51 డిగ్రీలు.

లెక్క ఇంత చిన్నది. తప్పంతా ఆ 71 ఎక్కడినుంచి ఎక్కడికి కొలిచారన్న దాంట్లో ఉంటుంది.

*శిఖరం నుంచి శిఖరానికి కొలవకండి.* చూడటానికి తేలిగ్గా ఉంటుంది కాబట్టి అందరి చెయ్యీ అటే పోతుంది. కానీ సైన్ వేవ్ తల దగ్గర చదును. శిఖరానికి 5 డిగ్రీలు పక్కకు జరిగినా ఎత్తు 0.4 శాతమే తగ్గుతుంది. 8 బిట్ల ఆసిలోస్కోప్‌లో పైనుంచి కిందిదాకా 256 మెట్లు. వేవ్ తెర నిండా ఉన్నా ఆ తేడా అరమెట్టు మాత్రమే. మీ కంటికే కాదు, పరికరానికే అది కనపడదు. దాని మీద నాయిస్ ఒకటి. సున్నా గీతను దాటేచోట వేవ్ నిటారుగా ఉంటుంది, అక్కడ కొలవండి.

*కానీ ఆ సున్నా నిజంగా వేవ్ నడుమే ఉందా?* వేవ్ ఎత్తు 1 వోల్టు ఉండి 0.1 వోల్టు పైకి జరిగి ఉంటే, దాటే చోటు 5.7 డిగ్రీలు తప్పుతుంది. దీనికి ఒక చిట్కా ఉంది: వేవ్ పైకెక్కుతూ దాటేచోట ఒకసారి, కిందికి దిగుతూ దాటేచోట ఇంకోసారి జరుగుబాటు కొలిచి సగటు తీయండి. ఆఫ్‌సెట్ ఒకదాన్ని ఎంత ముందుకు జరుపుతుందో ఇంకోదాన్ని అంతే వెనక్కి జరుపుతుంది, సగటులో రెండూ చెల్లిపోతాయి. నేను ఆఫ్‌సెట్ లేదనిపించినా ఇలాగే చేస్తాను. రెండు అంకెల మధ్య తేడా ఎంతుందో చూస్తే ఆఫ్‌సెట్ ఎంతో కూడా తెలిసిపోతుంది.

*టైమ్ నాబ్ తిప్పుకోండి.* ఒకటి, ఒకటిన్నర సైకిల్ మాత్రమే తెర నిండేలా పెట్టండి. పది సైకిళ్లు తెర మీద ఉంచి కర్సర్ పెడితే చెయ్యి వణికినంత మేర తప్పు వస్తుంది.

*ఆసిలోస్కోప్ తనంతట తాను చూపే ఫేజ్ అంకె?* వాడుకోండి, కానీ నమ్మేముందు ఆర్‌సీ మీద పోల్చండి. నాయిస్ ఉంటే ఒకే దాటుడును రెండు మూడుసార్లు లెక్కపెట్టి అంకె గెంతుతూ ఉంటుంది. ఛానెళ్ల వరుస తారుమారైతే గుర్తు కూడా తిరగబడుతుంది.

*180 దాటినప్పుడు.* వరుసగా −140, −165, తర్వాత +172 వచ్చిందనుకోండి. సిస్టమ్ ఒక్కసారిగా ముందుకు దూకలేదు. అది −188. సైన్ వేవ్‌కి ఒక చుట్టు తేడా తెలియదు, ఆ లెక్క మీరే పెట్టుకోవాలి. అందుకే తక్కువ ఫ్రీక్వెన్సీ నుంచి పైకి వరుసగా పొండి. మధ్యలో ఎక్కడినుంచో మొదలుపెడితే ఎన్ని చుట్లు తిరిగిందో చెప్పేవాళ్లు ఉండరు.

*మొదటి పాయింటే −180 దగ్గర వస్తే* యాంప్లిఫయర్ గుర్తు తిప్పుతోంది, లేదా మోటార్ తీగలు తారుమారయ్యాయి. (సిస్టమ్‌లో ఇంటిగ్రేటర్లు, అంటే వచ్చినదాన్ని కూడుతూ పోయే భాగాలు, రెండు ఉన్నా −180 రావచ్చు, కానీ అప్పుడు గెయిన్ కూడా దశాబ్దానికి 40 డెసిబెల్‌లు దిగుతూ ఉంటుంది.)

ఎక్స్‌వై మోడ్‌లో లిస్సాజూ బొమ్మ గీసి కొలవడం పాత పద్ధతి. గీత సన్నటి వాలుగీతైతే 0 లేదా 180, నిలువు, అడ్డం అక్షాల మీద సరిగ్గా కూర్చున్న అండాకారమైతే 90. ఒక్క చూపులో సరిచూసుకోవడానికి బాగుంటుంది. ముందుందా వెనకుందా అన్నది మాత్రం ఆ బొమ్మ నిలకడగా కనిపిస్తే చెప్పదు.

8. కొలుస్తూనే గీయండి

అన్నీ కొలిచాక ఇంటికెళ్లి గీద్దామనుకుంటే, పక్కకు జరిగిన పాయింట్‌ను మళ్లీ కొలవడానికి సర్క్యూట్ ఎదురుగా ఉండదు. అడ్డంగా ఫ్రీక్వెన్సీ లాగ్ స్కేల్, నిలువుగా పైన డెసిబెల్‌లు, కింద డిగ్రీలు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన హెండ్రిక్ బోడే పేరుతో బోడే ప్లాట్ అంటున్నది దీన్నే. హెర్ట్జా, రేడియన్లు పర్ సెకనా అన్నది అక్షం మీద రాయండి. రెండింటి మధ్య 6.28 రెట్ల తేడా. కొలిచింది హెర్ట్జ్‌లో, లెక్కలో వచ్చింది రేడియన్లలో ఉండి, “మూల ఆరు రెట్లు జరిగిపోయింది” అని కంగారుపడినవాళ్లు తక్కువేం కాదు.

9. గెయిన్‌నే సాక్షిగా పిలిచి ఫేజ్‌ను నిలదీయండి

మామూలు సిస్టమ్‌లలో గెయిన్, ఫేజ్ రెండూ ఒకే కథ చెప్పాలి. గెయిన్ దశాబ్దానికి 20 డెసిబెల్‌లు దిగుతున్నచోట ఫేజ్ −90 వైపు, 40 దిగుతున్నచోట −180 వైపు పోవాలి. గెయిన్ 20 చొప్పునే దిగుతూ ఫేజ్ −90 దాటి −130, −170 అంటూ జారిపోతుంటే రెండు కారణాలుండొచ్చు: సిస్టమ్‌లో నిజంగా డిలే ఉంది, లేదా మీ కొలత తప్పు.

తేల్చడానికి చిన్న లెక్క. అదనంగా పోయిన ఫేజ్‌ను (360 × ఫ్రీక్వెన్సీ)తో భాగించండి. 10 హెర్ట్జ్ దగ్గర అదనం 14.4 డిగ్రీలు అయితే 4 మిల్లీసెకన్లు. 20 హెర్ట్జ్ దగ్గర 28.8 అయితే అదీ 4 మిల్లీసెకన్లే. ప్రతి ఫ్రీక్వెన్సీలోనూ అదే అంకె వస్తే అది నిజమైన డిలే. ఒక్కోచోట ఒక్కోటి వస్తే మీరు లెక్కలోకి తీసుకోని పోల్, అంటే ఇంకో టైమ్ కాన్‌స్టెంట్ ఉండొచ్చు (మోటార్‌లో ఆర్మేచర్ ఇండక్టెన్స్ వల్ల వచ్చేది), లేదా 7వ మెట్టుకు తిరిగి వెళ్లాలి.

డిజిటల్ కంట్రోలర్ ఉంటే డిలే ఎలాగూ ఉంటుంది. శాంపిల్‌ను పట్టి ఉంచడం వల్ల సగం శాంపిల్ కాలం, లెక్కకు పట్టే సమయం దాని మీద. 1 మిల్లీసెకను శాంప్లింగ్ అయితే పట్టి ఉంచడం ఒక్కదానికే 100 హెర్ట్జ్ దగ్గర 18 డిగ్రీలు పోతాయి.

10. లూప్ మార్జిన్లు కావాలంటే

మార్జిన్లంటే లూప్ ఊగిపోవడానికి ఇంకా ఎంత దూరం మిగిలిందో చెప్పే అంకెలు. వాటిని ఓపెన్ లూప్‌లో కొలుద్దామని ఫీడ్‌బ్యాక్ తీగ పీకేయకండి. పొజిషన్ సిస్టమ్‌లో ఇంటిగ్రేటర్ ఉంటుంది. లూప్ తెరిస్తే చిన్న ఆఫ్‌సెట్‌కే మోటార్ ఒక దిక్కుకు పోతూనే ఉంటుంది, ఆఖరికి గోడకు గుద్దుకుంటుంది.

లూప్ మూసే ఉంచండి. రిఫరెన్స్‌కి (లూప్‌కి మనం కోరే విలువకి) సైన్ వేవ్ ఇచ్చి, ఛానెల్ 1 ఎర్రర్ (రిఫరెన్స్‌కీ ఫీడ్‌బ్యాక్‌కీ తేడా) మీద, ఛానెల్ 2 ఫీడ్‌బ్యాక్ మీద పెట్టండి. ఫీడ్‌బ్యాక్‌ను ఎర్రర్‌తో భాగిస్తే లూప్ గెయిన్ నేరుగా వస్తుంది. తక్కువ ఫ్రీక్వెన్సీలో లూప్ గెయిన్ 40 డెసిబెల్‌లు ఉందంటే ఎర్రర్ ఫీడ్‌బ్యాక్‌లో నూరో వంతే, నాయిస్‌లో వెతుక్కోవాలి. అక్కడ రిఫరెన్స్ కాస్త పెంచండి. అయినా కష్టపడాల్సింది అక్కడ కాదు, 0 డెసిబెల్ దాటే పరిసరాల్లో.

4 హెర్ట్జ్ దగ్గర గెయిన్ 0 డెసిబెల్, ఫేజ్ −128 వచ్చిందనుకుందాం. ఫేజ్ మార్జిన్ 180 − 128, అంటే 52 డిగ్రీలు. 15 హెర్ట్జ్ దగ్గర ఫేజ్ −180, గెయిన్ −13 అయితే గెయిన్ మార్జిన్ 13 డెసిబెల్‌లు. సాధారణంగా 45 నుంచి 60 డిగ్రీలు, 6 డెసిబెల్‌లకు తగ్గకుండా చూసుకుంటారు. ఇదే లూప్‌లో ఎవరైనా 10 మిల్లీసెకన్ల డిలే ఒక్కటే కలిపితే 4 హెర్ట్జ్ దగ్గర 14.4 డిగ్రీలు పోయి, 52 కాస్తా 38 దగ్గరికి దిగుతుంది. గెయిన్ గ్రాఫ్ మాత్రం ఒక్క గీత కూడా కదలదు.

ఆసిలోస్కోప్ లేకపోతే

మైక్రోకంట్రోలర్‌తో ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండింటినీ శాంపిల్ చేసి కంప్యూటర్‌కి పంపండి. ఫ్రీక్వెన్సీ, శాంప్లింగ్ రేట్‌లో పదో వంతు దాటకుండా ఉంటే మంచిది. తర్వాత ఒక్కో సిగ్నల్‌కి ఇలా చేయండి:

ప్రతి శాంపిల్‌నూ అదే ఫ్రీక్వెన్సీ సైన్‌తో గుణించి అన్నీ కూడి, 2 ÷ శాంపిళ్ల సంఖ్యతో గుణించండి. దీన్ని ‘అ’ అనుకుందాం. అదే పని కొసైన్‌తో చేస్తే ‘ఆ’. ఎత్తు, ‘అ’ వర్గం, ‘ఆ’ వర్గం కలిపిన దాని వర్గమూలం. కోణం, ‘ఆ’ ÷ ‘అ’కి ఆర్క్‌టాన్ (నాలుగు పాదాలూ చూసే ఏటాన్2 ఫంక్షన్ వాడండి, మామూలు ఆర్క్‌టాన్ 180 డిగ్రీలు తప్పించేస్తుంది). అవుట్‌పుట్ కోణంలోంచి ఇన్‌పుట్ కోణం తీసేస్తే ఫేజ్.

నాయిస్ ఉన్నచోట ఇది కర్సర్ల కంటే ఎన్నో రెట్లు మెరుగు, ఎందుకంటే రెండు పాయింట్ల మీద కాకుండా వేవ్ మొత్తం మీద ఆధారపడుతుంది. రెండు జాగ్రత్తలు. పూర్తి సైకిళ్లే తీసుకోండి. ఆరుంపావు సైకిళ్లు తీసుకుంటే బయాస్ కూడా లెక్కలో చొరబడుతుంది. రెండోది, చాలా మైక్రోకంట్రోలర్లు రెండు ఛానెళ్లనూ ఒకేసారి చదవవు, ఒకదాని తర్వాత ఒకటి చదువుతాయి. మధ్యలో 100 మైక్రోసెకన్లు పోతే 50 హెర్ట్జ్ దగ్గర 1.8 డిగ్రీలు. ఇది ఎంతో తెలుసుకోవడానికి 1వ మెట్టే మళ్లీ: రెండు పిన్నులూ ఒకే చోట పెట్టి కొలిచి, వచ్చిన డిలేని లెక్కలో సర్దేయండి.

ఫలితం నిజమేనా?

సైన్ వేవ్‌తో సంబంధం లేని సాక్ష్యం ఒకటి తెచ్చుకోండి. లూప్‌కి చిన్న స్టెప్ (రిఫరెన్స్‌లో ఒక్కసారిగా మార్పు) ఇచ్చి ఓవర్‌షూట్ (కోరిన విలువను ఎంత దాటిపోయిందో) చూడండి. ఫేజ్ మార్జిన్‌ను నూరుతో భాగిస్తే డాంపింగ్ నిష్పత్తి ఉజ్జాయింపుగా వస్తుంది (60 డిగ్రీల దాకా ఈ బండలెక్క పనికొస్తుంది). పై ఉదాహరణలో 52 డిగ్రీలకు 0.52, ఓవర్‌షూట్ 15 శాతం దరిదాపుల్లో ఉండాలి. 12 వచ్చినా 20 వచ్చినా ఫర్వాలేదు. 40 శాతం వచ్చిందంటే నిజమైన ఫేజ్ మార్జిన్ 30 దగ్గర ఉంది, మీ ఫేజ్ కొలతలో ఇరవై డిగ్రీలు ఎక్కడో దాక్కున్నాయి. స్టెప్ ఎత్తు తగ్గించినా ఓవర్‌షూట్ 40 శాతమే ఉంటే సాచురేషన్ కూడా కాదు. అప్పుడు ముందుగా రెండో ఛానెల్ కప్లింగ్ బటన్ చూడండి.